31 శాతం ఆయుష్షు చూపిస్తూనే చచ్చిపోతున్న ఎస్ఎస్‌డీ: గుంటూరు కోల్డ్ స్టోరేజీ కేస్ స్టడీ

కేసు

గుంటూరు మిర్చి యార్డు సరుకుతో నిండే కోల్డ్ స్టోరేజీల్లో ఇదొకటి. ఆరు ఛాంబర్లు, ఛాంబరుకు నాలుగు చొప్పున 24 టెంపరేచర్ సెన్సార్లు. ఆఫీసులో ఉన్నది ఒకే డెస్క్‌టాప్. టిక్కీల (మిర్చి బస్తాల) రాకపోకలు, అద్దె లెక్కలు, రైతుకిచ్చే బాండ్ల ప్రింటు, ఛాంబర్ల టెంపరేచర్ లాగ్, అన్నీ దాని మీదే. ఆ బాండు పెట్టి రైతు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. మిర్చి రంగు తగ్గిందని పేచీ వస్తే టెంపరేచర్ లాగే సాక్ష్యం. కాబట్టి రెండూ పోకూడని డేటానే.

మెషీన్లో డిస్కు ఒక్కటే, 240 జీబీ శాటా ఎస్ఎస్‌డీ. టీఎల్‌సీ ఫ్లాష్ (సెల్‌కు మూడు బిట్లు దాచే మెమరీ చిప్పులు), డీర్యామ్ (తాత్కాలిక మెమరీ) లేని కంట్రోలర్ (డిస్కును నడిపే చిప్పు), కరెంటు హఠాత్తుగా పోతే ఆదుకునే కెపాసిటర్లు లేని చవక రకం. రెండు పార్టిషన్లూ కలిపి 92 శాతం నిండి ఉన్నాయి. కంప్యూటర్ పెట్టిన గోడకు అవతల అమ్మోనియా కంప్రెసర్ల గది. పైన రేకుల కప్పు.

ఫిర్యాదు ఇలా మొదలైంది. పాత బాండు రీప్రింట్ కొడితే పీడీఎఫ్ తెరుచుకోదు, సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని ఎర్రర్ వస్తుంది. పెద్ద ఫోల్డర్ కాపీ పెడితే వేగం సున్నాకు పడి, అర నిమిషం ఆగి, మళ్లీ కదులుతుంది. అప్పుడప్పుడూ మెషీను మొత్తం బిగుసుకుపోతుంది. ముందు చూసిన టెక్నీషియన్ శాటా కేబుల్ మార్చి, చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్‌తో నడిపాడు. అది సగంలో ఆగిపోయింది. డిస్కు రికవరీకి వచ్చింది ఆ స్థితిలోనే.

చెక్‌డిస్క్ ఎందుకు వద్దు

బ్యాడ్ సెక్టార్ అనగానే చెక్‌డిస్క్ పెట్టడం మన దగ్గర చేతికి అలవాటైపోయింది. దాని పని ఫైల్ సిస్టమ్‌ను సరిచేయడం. డేటాను కాపాడడం కాదు. చదవలేని క్లస్టర్ (ఫైళ్లకు కేటాయించే చిన్న ముక్క) దొరికితే అది బ్యాడ్ అని గుర్తు పెట్టి, వచ్చినంత డేటాను వేరే చోట రాస్తుంది. ఫైల్ రికార్డే చదవలేకపోతే ఆ ఫైలు పేరే జాబితాలోంచి పోవచ్చు. అసలే స్పేర్ (పాడైనవాటి బదులు వాడే అదనపు బ్లాకులు) అయిపోతున్న డిస్కు మీద ఈ రాతలన్నీ పడతాయి.

ఎస్ఎస్‌డీలో అయితే ఆ గుర్తుకు అర్థమే లేదు. విండోస్ రాసుకునేది లాజికల్ అడ్రస్. అది ఫ్లాష్‌లో ఏ బ్లాకు మీద ఉందో కంట్రోలర్‌కే తెలుసు, పైగా మళ్లీ రాసిన ప్రతిసారీ మారిపోతుంది. పాడైన బ్లాకు ఈపాటికే పక్కకు వెళ్లిపోయి ఉంటుంది. మంచి అడ్రస్ మీద మాత్రం బ్యాడ్ ముద్ర మిగిలిపోతుంది. ఆ ముద్ర క్లోన్‌తో పాటు కొత్త డిస్కుకూ వెళ్తుంది. అందుకే క్లోన్ చేసిన కొత్త డిస్కు మీద చెక్‌డిస్క్‌ను స్లాష్ బి తో ఒకసారి నడపాలి. బ్యాడ్ జాబితాను తిరిగి పరీక్షించి, బాగున్న క్లస్టర్లను అది విడిపిస్తుంది. ఇది మర్చిపోయి, కొత్త డిస్కులో కూడా బ్యాడ్ సెక్టార్లు ఉన్నాయని వాపసు ఇచ్చేవాళ్లు చాలామంది.

రీడింగులు

డిస్కును మౌంట్ చేయకుండా, లైవ్ లినక్స్ మీద స్మార్ట్ డేటా (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తీశాం. కేసుకు కావలసినవి ఇవి:

పవర్-ఆన్ గంటలు: 27,400
5వ నంబరు, రిటైరైన బ్లాకులు: 71
171, ప్రోగ్రామ్ ఫెయిల్: 58
172, ఎరేజ్ ఫెయిల్: 13
187, సరిచేయలేని ఎర్రర్లు: 346
199, ఇంటర్‌ఫేస్ సీఆర్‌సీ ఎర్రర్లు: 1,310
174, హఠాత్తుగా కరెంటు పోయినవి: 412
194, నమోదైన గరిష్ఠ వేడి: 61 డిగ్రీలు
మిగిలిన స్పేర్: 22 శాతం
మిగిలిన ఆయుష్షు: 31 శాతం
కంప్యూటర్ రాసింది: 19.8 టీబీ
ఫ్లాష్ మీద నిజంగా పడింది: 191 టీబీ
ఎరేజ్ సైకిళ్లు: సగటు 695, గరిష్ఠం 1,212, కనిష్ఠం 240

ఈ నంబర్లకు అన్ని కంపెనీల్లో ఒకే అర్థం ఉండదు. ఒకరి 174 ఇంకొకరి దగ్గర వేరే ఏదైనా కావచ్చు. కంట్రోలర్ తయారీదారు పట్టికతో సరిచూసుకోకుండా టూల్ చూపించిన పేరునే నమ్మకూడదు. ఈ కేసులో ప్రోగ్రామ్ ఫెయిల్, ఎరేజ్ ఫెయిల్ రెండూ కలిపితే సరిగ్గా 71 వచ్చింది కాబట్టి ఆ మూడు లైన్లూ పేరుకు తగ్గట్టే ఉన్నాయని తేలింది.

199ని ముందే పక్కన పెట్టాం. అది కేబుల్, కనెక్టర్ సంగతి; ఫ్లాష్‌తో దానికి సంబంధం లేదు. ఆ లెక్క ఎప్పటికీ వెనక్కి తిరగదు కాబట్టి చూడాల్సింది అది పెరుగుతోందా లేదా అని. కేబుల్ మార్చాక ఒక్కటీ పెరగలేదు. అంటే మొదటి టెక్నీషియన్ కేబుల్ మార్చడం సరైన పనే. దానితో జబ్బు పోలేదంతే.

71 బ్లాకులు పోవడం కూడా దానంతట అది భయపడాల్సిన విషయం కాదు. నాండ్ ఫ్లాష్ (ఎస్ఎస్‌డీల్లో వాడే రకం) ఫ్యాక్టరీ నుంచే కొన్ని చెడ్డ బ్లాకులతో వస్తుంది. పాత 1 గిగాబిట్ ఎస్ఎల్‌సీ (సెల్‌కు ఒక్క బిట్) చిప్పుల డేటాషీట్లలో 1,024 బ్లాకులకు 1,004 పనిచేస్తే చాలని రాసి ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ ముద్ర బ్లాకు మొదటి పేజీల్లో స్పేర్ ఏరియాలో ఉంటుంది. చిప్పుల మీద నేరుగా పనిచేసేవాళ్లు ముద్రలు చదివి టేబుల్ తయారుచేసుకోకముందే మొత్తం ఎరేజ్ కొడితే ముద్రలూ పోతాయి. ఆ తర్వాత ఏది చెడ్డదో తెలియజెప్పే దారి ఉండదు.

భయపడాల్సింది 187ని చూసి. బ్లాకు రాసేటప్పుడో చెరిపేటప్పుడో ఫెయిలైతే కంట్రోలర్ చేతిలో డేటా ఇంకా ఉంటుంది. అప్పటికే ఆ బ్లాకులో ఉన్న పేజీలను, రాయబోయేదాన్నీ స్పేర్ బ్లాకులోకి మార్చి పాతదాన్ని రిటైర్ చేస్తుంది. పైన వాడేవాడికి తెలియను కూడా తెలియదు. చదివేటప్పుడు ఫెయిలైతే అలా కాదు. ఈసీసీ (ఎర్రర్లు సరిదిద్దే కోడు) సరిచేయలేకపోయాక మార్చడానికి మంచి కాపీ ఎక్కడా ఉండదు. బ్యాడ్ బ్లాక్ అని రెంటినీ కలిపి అంటాం గానీ, మొదటిది కంట్రోలర్ తనంతట తాను సర్దుకున్న పని, రెండోది డేటా పోవడం.

లోపల జరిగేది

నాండ్‌లో రాయడం పేజీ లెక్కన, చెరపడం బ్లాకు లెక్కన. ఇప్పటి టీఎల్‌సీలో పేజీ ఎక్కువగా 16 కేబీ, బ్లాకు అనేక ఎంబీలు. రాసిన పేజీ మీదే మళ్లీ రాయడం కుదరదు. మార్పు వస్తే కొత్త పేజీలో రాసి, పాతది చెల్లదని గుర్తుపెట్టి, ఖాళీ బ్లాకులు తగ్గినప్పుడు ఒక బ్లాకులో ఇంకా చెల్లే పేజీలను మరో చోటికి మోసి దాన్ని చెరపాలి. వెనక వరసలో ఉన్న ఒక్క టిక్కీ తీయడానికి ముందున్నవన్నీ దింపి మళ్లీ సర్దినట్టు. డిస్కు ఎంత నిండి ఉంటే ఈ మోత అంత ఎక్కువ. 92 శాతం నిండిన డిస్కులో చెరపబోయే ప్రతి బ్లాకులోనూ చెల్లే పేజీలు చాలా ఉంటాయి.

చెరిపిన ప్రతిసారీ సెల్‌లోని ఆక్సైడ్ పొర కొంచెం దెబ్బతింటుంది. ఎస్ఎల్‌సీ లక్ష సైకిళ్లు తట్టుకుంటే టీఎల్‌సీ వెయ్యి నుంచి మూడు వేలు. పొర దెబ్బతిన్నకొద్దీ రెండు జరుగుతాయి. చెరపడానికీ రాయడానికీ పట్టే సమయంలో తేడా వచ్చి, చివరికి ఆ పని ఫెయిలవుతుంది. రాసిపెట్టిన ఛార్జి తొందరగా కారిపోతుంది, వేడి ఉంటే ఇంకా తొందరగా. జెడెక్ (చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు రాసే సంస్థ) 218 ప్రమాణం చెప్పేది కూడా ఇదే దృష్టితో. ఆయుష్షు పూర్తిగా వాడేసిన మామూలు ఎస్ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది డేటా నిలపాలి. సర్వర్ రకం 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు నిలిపితే చాలు. పాత ఎస్ఎస్‌డీని బ్యాకప్ అని రేకుల షెడ్డులో బీరువాలో పెట్టి మన ఎండాకాలం దాటించడం ఎంత సాహసమో ఈ అంకెలే చెబుతాయి.

ఇక్కడ చాలామంది ఊహకు ఎదురుగా ఉండే సంగతి ఒకటుంది. రోజూ రాతలు పడే లాగర్ (టెంపరేచర్ లాగ్ రాసే సాఫ్ట్‌వేర్) ఫైలు పాడై, ముట్టుకోని పాత పీడీఎఫ్‌లు బాగుండాలి కదా? జరిగింది తలకిందులు. స్టాటిక్ వేర్ లెవెలింగ్ అంటే, కదలని డేటా కూర్చున్న తాజా బ్లాకులను ఖాళీ చేయించి రాతలకు వాడుకోవడం, ఆ కదలని డేటాను బాగా అరిగిన బ్లాకుల్లోకి పంపడం. అరిగిన బ్లాకు ఇక విశ్రాంతిగా ఉంటుందని ఉద్దేశం. మంచి ఫర్మ్‌వేర్ (కంట్రోలర్ లోపలి ప్రోగ్రామ్) అలాంటి బ్లాకులను అప్పుడప్పుడూ చదివి, ఎర్రర్లు పెరుగుతుంటే తిరగరాస్తుంది. చవక ఫర్మ్‌వేర్ ఆ పని సరిగా చేయదు. 1,200 సైకిళ్లు దాటిన బ్లాకులో పోయినేడాది బాండ్లు పడి, యాభై అరవై డిగ్రీల వేడిలో నెలల తరబడి ఎవరూ చదవకుండా ఉండిపోయాయి. చదవబోయేసరికి ఛార్జి కారిపోయి ఉంది.

డేటా తీసిన పద్ధతి

పాడైన డిస్కు నుంచి వచ్చినంతా కాపీ చేసే గ్ను డిడిరెస్క్యూ వాడాం. యూఎస్‌బీ కన్వర్టర్ మీద పెట్టలేదు. చదవలేని చోట డిస్కు ఆలస్యం చేస్తే కన్వర్టర్ తానే రీసెట్ అయి గందరగోళం చేస్తుంది. నేరుగా మదర్‌బోర్డు శాటా పోర్టుకు, హాట్‌ప్లగ్ ఆన్ చేసి, డిస్కు పవర్‌కు విడిగా ఒక స్విచ్ పెట్టాలి. పాడైన ఎస్ఎస్‌డీ రీడ్ రిట్రైల్లో (మళ్లీ మళ్లీ చదివే ప్రయత్నాల్లో) ఇరుక్కుని కంప్యూటర్‌కు కనబడకుండా మాయమైపోవడం మామూలే. మెషీను మొత్తం ఆపకుండా డిస్కు ఒక్కదాన్నే ఆపి లేపాలి. ఏది చదివిందో ఏది మిగిలిందో రాసుకునే మ్యాప్‌ఫైల్ ఉంటే ఆగిన చోటి నుంచే మళ్లీ నడుస్తుంది. మ్యాప్‌ఫైల్ లేకుండా డిడిరెస్క్యూ మొదలుపెట్టడం శుద్ధ దండగ.

మొత్తం 46,88,62,128 సెక్టార్లు. మొదటి పాస్ నో-స్క్రేప్, డైరెక్ట్ రీడ్ ఆప్షన్లతో. చదవడం కష్టమైన చోట ఆగకుండా దాటేసి సులువుగా వచ్చేదంతా ముందు తీయడం దీని ఉద్దేశం. ఏసీ గదిలో డిస్కు 27 డిగ్రీల దగ్గర ఉంది. పాస్ అయ్యేసరికి మిగిలింది 41 ఎంబీ. రెండో పాస్ స్క్రేపింగ్‌తో, అంటే మిగిలిన చోట్లను సెక్టార్ సెక్టార్‌గా చదవడంతో, 6.2 ఎంబీకి దిగింది.

మూడో పాస్‌కు డిస్కును ఏసీ బయట, గాలి తగలకుండా పెట్టి, దాని టెంపరేచర్ 45 డిగ్రీల దగ్గర నిలబడ్డాక, వెనక నుంచి ముందుకు మూడు రిట్రైలతో నడిపాం. హార్డ్ డిస్కుల అలవాటు ఉన్నవాళ్లకు ఇది తప్పుగా తోస్తుంది. ఫ్లాష్‌లో వేడిగా ఉన్నప్పుడు రాసినది బాగా చల్లగా ఉన్నప్పుడు చదివితే సెల్ వోల్టేజీ హద్దులు కొంచెం జరిగి ఎర్రర్లు పెరుగుతాయి. ఈ డిస్కు మీద రాతలన్నీ వేడిలో పడ్డవే. మిగిలింది 1.4 ఎంబీకి తగ్గింది. అందులో వేడి వాటా ఎంత, రిట్రైల వాటా ఎంత అని విడదీయనక్కర్లేదు. రెండూ ఒకే పాస్‌లో ఖర్చు లేకుండా అయిపోతాయి. మరీ వేడెక్కించడం మాత్రం వద్దు. రిట్రైలు వందల్లో పెట్టడమూ వద్దు. చదివిన ప్రతిసారీ అదే బ్లాకులోని పక్క పేజీల మీద రీడ్ డిస్టర్బ్ (చదవడం వల్ల ఛార్జి కొంచెం చెదరడం) పడుతుంది.

మ్యాప్‌ఫైల్‌ను దగ్గరగా చూస్తే పోయిన చోట్ల పొడవులన్నీ 4,096 బైట్ల గుణిజాలే, ఎక్కువ భాగం సరిగ్గా 16,384. ఒంటరి 512 బైట్ల సెక్టార్ ఒక్కటీ లేదు. హార్డ్ డిస్కులో ప్లాటర్ మీద మచ్చ పడితే వచ్చే ఆకారం ఇది కాదు. పేజీలకు పేజీలే పోయాయని ఇక్కడే ఖాయమైంది.

ఏ ఫైళ్లు పోయాయి

99.99 శాతం పైనే వచ్చిందంటే ఓనరుకు ఉపయోగం లేదు. ఏ ఫైలు పోయిందో చెప్పాలి. ఇమేజ్‌కు (డిస్కు నుంచి తీసిన మొత్తం కాపీకి) ఒక నకలు తీసి, దాని మీద డిడిరెస్క్యూ ఫిల్ మోడ్‌తో చదవలేని చోట్లన్నిటా ఒక గుర్తు మాట నింపాం. తర్వాత నకలును రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి ఆ మాట ఏయే ఫైళ్లలో ఉందో వెతికితే జాబితా వచ్చేస్తుంది. అసలు ఇమేజ్ మీద ఈ పని ఎప్పుడూ చేయకూడదు.

మొత్తం 63 ఫైళ్లు. 51 పాత బాండ్ల పీడీఎఫ్‌లు, 8 విండోస్ ఫైళ్లు, 3 జిప్ బ్యాకప్‌లు, ఒకటి లాగర్ డేటాబేస్. బిల్లింగ్ డేటాబేస్ చెక్కుచెదరలేదు, కాబట్టి పీడీఎఫ్‌లను దాంట్లోంచి మళ్లీ తయారు చేయించారు. జిప్ ఫైళ్లలో ఒకటి పూర్తిగా పోయింది. కంప్రెస్ చేసిన డేటాలో మధ్యన 16 కేబీ పోతే ఆ ఫైల్లో అక్కడి నుంచి మిగతాదంతా విప్పలేం. బ్యాకప్‌ను ఒకే పెద్ద జిప్‌గా, అదీ అదే డిస్కు మీద పెట్టుకోవడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

లాగర్‌ది ఎస్క్యూలైట్ ఫైలు, అంటే డేటాబేస్ మొత్తం ఒకే ఫైల్లో ఉండే రకం. దెబ్బతిన్న ఫైలును నేరుగా బాగుచేయబోకుండా చదవగలిగిన వరసలన్నీ కొత్త ఫైల్లోకి డంప్ చేసి, ఇండెక్సులు తాజాగా కట్టాం. ఒక ఫ్లాష్ పేజీ పోతే నాలుగు డేటాబేస్ పేజీలు, అంటే సుమారు 360 వరసలు, 75 సెకన్ల రీడింగులు పోతాయి. మిర్చి ఛాంబర్‌కు అది లెక్కలోకి రాదు. ఆ ఖాళీ ఏ తేదీన ఎన్ని గంటలకు ఉందో మాత్రం కాగితం మీద రాసి ఇవ్వాలి. రేపు పేచీ వచ్చినప్పుడు, లాగ్ మధ్యలో ఖాళీ ఎందుకుందో చెప్పలేకపోవడం ఆ ఖాళీ కంటే పెద్ద ఇబ్బంది.

అసలు కారణం

"ఇంకా 31 శాతం బాగుందని చూపిస్తోంది కదండీ, మరి డేటా ఎందుకు పోయింది?" అని సూపర్‌వైజర్ అడిగిన ప్రశ్నలోనే కేసంతా ఉంది. ఆ తరగతి 240 జీబీ డిస్కులకు కంపెనీలు సాధారణంగా 80 టీబీ దాకా రాతలకు హామీ ఇస్తాయి. కంప్యూటర్ రాసింది 19.8 టీబీ, అంటే పావు వంతు. అలా చూస్తే ఆయుష్షు మూడు వంతులు మిగలాలి. సగటు ఎరేజ్ చూస్తే వెయ్యికి 695, ఆ లెక్కన మిగిలింది 31 శాతం. గరిష్ఠం చూస్తే వెయ్యి ఎప్పుడో దాటింది. మూడూ అబద్ధం కావు. డిస్కు తెర మీద చూపించేది సగటు. డేటా పోయేది గరిష్ఠం దగ్గర.

లాగర్ 24 సెన్సార్లనూ ప్రతి 5 సెకన్లకు చదువుతుంది, ప్రతి రీడింగును విడిగా కమిట్ చేస్తుంది (డిస్కు మీద ఖాయం చేస్తుంది). సెకనుకు 4.8 కమిట్లు, రోజుకు 4,14,720. ఒక వరస 40 బైట్లు, కాబట్టి రోజుకు అసలు సమాచారం 16.6 ఎంబీ. కానీ ఒక్కో కమిట్‌కు రోల్‌బ్యాక్ జర్నల్ (మధ్యలో ఆగితే వెనక్కి వెళ్లడానికి పాత పేజీలు దాచే ఫైలు) తెరవాలి, పాత పేజీలు అందులో రాయాలి, కొత్త పేజీలు అసలు ఫైల్లో రాయాలి, ఇండెక్స్ మార్చాలి, జర్నల్ చెరపాలి, వీటన్నిటికీ ఎన్టీఎఫ్ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) తన జర్నల్ తాను రాసుకోవాలి. అన్నీ కలిసి కమిట్‌కు సుమారు 40 కేబీ. రోజుకు 16.6 జీబీ. ప్రతి కమిట్ చివర ఫ్లష్ ఆజ్ఞ ఉంటుంది కాబట్టి 16 కేబీ పేజీ నిండినా నిండకపోయినా కంట్రోలర్ రాసేయాలి. దానికి డీర్యామ్ లేదు కాబట్టి అడ్రస్ టేబుల్ మార్పులూ ఫ్లాష్ మీదికే. పైన 92 శాతం నింపుడు వల్ల మోత. స్మార్ట్‌లోని రెండు అంకెలను భాగిస్తే 191కి 19.8, దాదాపు 9.6 రెట్లు. 16 ఎంబీ సమాచారానికి ఫ్లాష్ మీద రోజుకు 160 జీబీ.

412 సార్లు హఠాత్తుగా కరెంటు పోవడం దీనికి తోడు. యూపీఎస్ ఉంది, బ్యాటరీ చచ్చిపోయింది. లైను నుంచి జనరేటర్ మీదకు ఛేంజోవర్ అయ్యే ప్రతిసారీ మెషీను ఆరిపోయి లేచేది. టీఎల్‌సీలో ఒకే వరస సెల్స్ మీద మూడు పేజీలు ఉంటాయి. పై పేజీ రాస్తుండగా కరెంటు పోతే, అంతకుముందే సురక్షితంగా రాసిన కింది పేజీ కూడా చెడిపోగలదు. కెపాసిటర్లు ఉన్న డిస్కు కొనమనేది అందుకే. ఇప్పుడు రాస్తున్నదాన్ని కాపాడడం ఒక్కటే వాటి పని కాదు.

కొత్త అమరిక

డిస్కు మార్చి లాగర్‌ను అలాగే వదిలితే కొత్తది కూడా అదే దారి పడుతుంది, కాబట్టి మొదటి మార్పు సాఫ్ట్‌వేర్లో. రీడింగులు 5 సెకన్లకే తీసుకుంటుంది గానీ మెమరీలో పోగుచేసి నిమిషానికి ఒక్క ట్రాన్సాక్షన్‌గా రాస్తుంది. ఒక్కో దాంట్లో 288 వరసలు, రోజుకు 1,440 కమిట్లు. జర్నల్‌ను రైట్-ఎహెడ్ లాగ్‌కు (మార్పులను ముందు విడి ఫైల్లో వరసగా రాసే పద్ధతికి) మార్చాం. కరెంటు పోతే చివరి కొద్ది నిమిషాల రీడింగుల కంటే ఎక్కువ పోవు. టెంపరేచర్ హద్దు దాటితే మోగే అలారం ప్యానెల్ బోర్డు మీద విడిగా ఉంది, ఈ కంప్యూటర్ మీద ఆధారపడదు. అలా కాకపోతే ఈ మార్పు చేసేవాళ్లం కాదు.

డిస్కు: 480 జీబీ సర్వర్ రకం శాటా, కెపాసిటర్లు ఉన్నది, రోజుకు ఒక డ్రైవ్ రైట్ (డిస్కు నిండా ఒకసారి రాత) చొప్పున ఐదేళ్ల హామీ. అంటే 876 టీబీ. పార్టిషన్ 360 జీబీకే కట్టి మిగతాది ఖాళీగా వదిలాం. ఆ ఖాళీ ఎప్పుడూ రాయనిదై ఉంటేనే స్పేర్‌గా పనికొస్తుంది. వాడిన డిస్కు అయితే ముందు సెక్యూర్ ఎరేజ్ చేయాలి. ధర మామూలు దాని కంటే బాగా ఎక్కువే, అయినా సీజన్లో ఒక్క రోజు బాండ్లు ఆగితే వచ్చే గొడవతో పోలిస్తే తక్కువే.

యూపీఎస్ బ్యాటరీలు కొత్తవి వేశారు. సీల్డ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు సుమారు సగం అవుతుంది. కంప్రెసర్ గోడ పక్కన వాటిని మూడేళ్లు నడుస్తాయని అనుకోవద్దు. ఏటా మార్చి నెలలో, ఎండలు ముదరకముందే లోడు పెట్టి పరీక్షించాలి. కంప్యూటర్‌ను అవతలి గోడకు జరిపి, క్యాబినెట్‌లో డిస్కు ముందు ఒక 120 ఎంఎం ఫ్యాన్ పెట్టారు.

బ్యాకప్ రెండు చోట్ల. రోజూ రాత్రి బిల్లింగ్, లాగర్ డేటాబేస్‌లు ఒక మామూలు హార్డ్ డిస్కు మీదకు. వారానికోసారి ఇంకో హార్డ్ డిస్కు మీదకు తీసి, అది ఓనరు ఇంటికి. బ్యాకప్ పని మొదటి అడుగుగా అన్ని పాత ఫైళ్లనూ నెలకోసారి పూర్తిగా చదివి చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే లెక్క) పోలుస్తుంది. కదలని డేటాను చదివించడమే ఇందులో కిటుకు. చదివితేనే కంట్రోలర్‌కు ఎర్రర్లు పెరుగుతున్నాయని తెలుస్తుంది, సరిచేయగలిగే దశలోనే తిరగరాసే అవకాశం వస్తుంది.

ఎప్పుడు మార్చాలి

187 సున్నా నుంచి ఒకటైనా అదే రోజు ఇమేజ్ తీయాలి, డిస్కు మార్చాలి. రిటైరైన బ్లాకుల సంఖ్య కంటే దాని వేగం చూడాలి. ఏడాదిలో పది పెరిగి ఆగినది నడుస్తుంది. వారం వారం పెరిగేది నడవదు. స్పేర్ విషయంలో ఎన్‌వీఎంఈ (శాటా కంటే వేగమైన కొత్త రకం) డిస్కుల్లో చాలావరకు హెచ్చరిక 10 శాతం దగ్గర పెట్టి ఉంటుంది, అది చాలా ఆలస్యం. 50 శాతం దగ్గరే కొత్తది తెప్పించుకోవాలి. 199 ఒక్కటే పెరిగితే కేబుల్. హార్డ్ డిస్కులో 197, అంటే పెండింగ్ సెక్టార్లు, అన్నిటికంటే ముందు చూడాల్సింది. ఆ సెక్టార్ మీద రాస్తే అది సర్దుకుంటుంది లేదా రీఅలొకేట్ అవుతుంది, కానీ రాయకముందే అందులో ఉన్నదాన్ని తీసుకోవాలి.

ఇదే ప్రాంగణంలో కాటా దగ్గరి టెర్మినల్‌లో ఎస్‌డీ కార్డు ఉంది. మామూలు కార్డుల్లో స్మార్ట్ ఉండదు, అడిగినా చెప్పదు. దానికి తేదీ చూసి మార్చడమే దారి. హై ఎండ్యూరెన్స్ రకం వాడి, పెట్టకముందు కార్డు నిండా రాసి తిరిగి చదివి పరీక్షించాలి. లేబుల్ మీద 64 జీబీ ఉండి లోపల 8 ఉన్న నకిలీలు ఇక్కడే దొరికిపోతాయి.

కొత్త అమరికలో సీజన్ గడిచాక రోజుకు కంప్యూటర్ రాతలు బిల్లింగ్‌తో కలిపి 1.1 జీబీ. స్పేర్ 100 శాతం, 187 సున్నా, గరిష్ఠ వేడి 47 డిగ్రీలు. హఠాత్తుగా కరెంటు పోయినవి రెండు నమోదయ్యాయి. రెండూ ఎవరో స్విచ్ బోర్డులోంచి యూపీఎస్ ప్లగ్ పీకి ఫోన్ ఛార్జర్ పెట్టినవి. ఆ సాకెట్‌కు మూత బిగించారు.

పాత డిస్కు సంగతి. అందులో రైతుల బ్యాంకు ఖాతాలు, ఆధార్ నకళ్లు ఉన్నాయి. ఫార్మాట్ కొడితే రిటైరైన 71 బ్లాకుల జోలికి పోదు. కంట్రోలర్ వాటిని జాబితాలోంచి తీసేసింది, డేటా మాత్రం అందులో మిగిలే ఉండవచ్చు. సెక్యూర్ ఎరేజ్ ఆజ్ఞ ఇస్తే మధ్యలో ఎర్రర్‌తో ఆగిపోయింది. ఇమేజ్ సరిగా ఉందని ఓనరు సంతకం చేశాక డిస్కు విప్పి, బోర్డు మీదున్న నాలుగు ఫ్లాష్ చిప్పుల్లో ఒక్కోదానికీ విడిగా డ్రిల్ వేశాం. డబ్బా మధ్యలో ఒక్క రంధ్రం పెడితే చాలదు, చాలా 2.5 అంగుళాల ఎస్ఎస్‌డీల్లో బోర్డు డబ్బాలో సగం కూడా ఉండదు, డ్రిల్ ఖాళీలోంచి వెళ్లిపోతుంది.